ఒక జబ్బు, రెండు బిల్లులు

మా గుఢియారీలో మేముండే గల్లీలో తెలుగు ఇళ్లు చాలానే ఉన్నాయి. తాతల నాడు రైల్వే పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రాయపూర్ వచ్చిన కుటుంబాలు. ఇప్పటి పిల్లలకి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ రాయడం రాదు. మూఢనమ్మకాలు మాత్రం రెండు భాషల్లోనూ వచ్చు. అటు నుంచి దిష్టి, పక్షి దోషం తెచ్చుకున్నాం. ఇక్కడికొచ్చాక నజర్, బైగా, టోన్హీ నేర్చుకున్నాం. ఏ లోటూ లేదు.

మొన్న వర్షాకాలంలో పక్కింటి కోడలి విషయంలో ఇవన్నీ ఒకేసారి బయటికొచ్చాయి. పలాస వైపు పిల్ల. రెండో కాన్పు, మళ్లీ ఆడపిల్ల. పురుడై మూడు నెలలైంది. తిండి సరిగ్గా తినదు. రాత్రి బిడ్డ పడుకున్నా తను పడుకోదు. గోడ వైపు చూస్తూ పాలిస్తుంది. తను తల్లిగా పనికిరానని ఏడుస్తుంది. అత్తగారు గాలి సోకిందని తేల్చేసింది. బైగా వచ్చాడు, నిమ్మకాయలు కోశాడు, ఎనిమిది వందలు పట్టుకుపోయాడు.

ఇక బిడ్డ సంగతి. పలకరిస్తే నవ్వదు, ఎవరి మొహమూ చూడదు, అయితే ఏడుపు, లేకపోతే ఊరికే పడుంటుంది. దానికి పక్షి దోషం అన్నారు. ఇంకో మనిషి వచ్చాడు, తాయెత్తు కట్టాడు, మూడు వందల యాభై తీసుకున్నాడు.

నేను డాక్టర్ని కాను. చదివింది బి.కామ్. డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్పై ఆరేళ్లు బిల్లులు చూసి 2018లో రిటైరయ్యాను. ఒకే పనికి రెండు బిల్లులు పెడితే పట్టుకోవడం నాకు వచ్చిన విద్య. ఇక్కడ జరిగింది అదే. తల్లికొక జబ్బు, బిడ్డకొక జబ్బు అని రెండు పద్దులు రాశారు. ఉన్నది ఒకటే జబ్బు. దాని పేరు కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్. బిడ్డలో కనిపిస్తున్నది చాలావరకు దాని నీడ.

ఎలాగంటారా? నెలల పిల్లకి మాటలు తెలీవు. దానికి తెలిసిన భాష తల్లి మొహం. బిడ్డ "ఊఁ" అంటే తల్లి "ఊఁ" అంటుంది. బిడ్డ నవ్వితే తల్లి నవ్వుతుంది. రోజుకి ఎన్నిసార్లో జరిగే ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే భయం, ఊరట, నమ్మకం అన్నీ నేర్చుకుంటుంది. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. స్టిల్ ఫేస్ అని దానికి పేరు. తల్లి బిడ్డతో ఆడుతూ ఆడుతూ రెండు మూడు నిమిషాల పాటు మొహంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, కేకలు పెడుతుంది. ఏమీ పనిచెయ్యకపోతే మొహం పక్కకి తిప్పేసుకుంటుంది. అది నిమిషాల ప్రయోగం. డిప్రెషన్‌లో ఉన్న తల్లి ఇంట్లో అది నెలల తరబడి జరుగుతుంది, ఎవరూ కావాలని చెయ్యకపోయినా. మా పక్కింటి బిడ్డ మొహం తిప్పుకున్నది పక్షిని చూసి కాదు.

ఇంగ్లండులో లిన్ మర్రే ఇలాంటి తల్లుల పిల్లల్ని పదహారేళ్లు వచ్చేదాకా గమనించింది. మిగతావాళ్ల కంటే ఆ పిల్లల్లో డిప్రెషన్ ఎక్కువగా కనిపించింది. అలాగని ప్రతి బిడ్డకీ అలా రాసిపెట్టి ఉందని కాదు. తలరాత మనం నమ్మం కదా. తల్లి జబ్బు ఎంతకాలం సాగింది, ఆ రోజుల్లో బిడ్డతో మాట్లాడే ఇంకో మనిషి ఉందా లేదా అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. ఆరోగ్యంగా ఉన్న తల్లీబిడ్డలకి కూడా ఎప్పుడూ తాళం కలవదు. తప్పుతుంది, మళ్లీ కలుస్తుంది. కలవడం ఆగిపోవడమే ప్రమాదం. అందుకే బైగా తిన్న ఎనిమిది వందల కంటే వృథా అయిన మూడు నెలలు పెద్ద నష్టం అంటున్నాను.

"మా అమ్మమ్మలు పదేసి మందిని కన్నారు, వాళ్లకి లేని డిప్రెషన్ ఇప్పటివాళ్లకి ఎక్కడినుంచి వచ్చింది?" అని అడిగేవాళ్లున్నారు. లెక్క రాయని పుస్తకంలో ఖర్చు కనిపించదు, అంతే. లెక్క చూసినవాళ్ల మాట వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 2017లో వచ్చిన సమీక్ష మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, ఇరవై వేల మందికి పైగా తల్లులను కలిపి చూసింది. 22 శాతం మందిలో ఈ జబ్బు ఉంది. అంటే అయిదుగురిలో ఒకరు. అంతకుముందే 2002లో విక్రమ్ పటేల్ బృందం గోవాలో చూస్తే 23 శాతం వచ్చింది. పేదరికం, మొగుడి చేతి దెబ్బలు, మగపిల్లాడి కోసం చూస్తే ఆడపిల్ల పుట్టడం, ఇవి జబ్బును పెంచుతున్నాయని కూడా తేలింది. మా పక్కింట్లో రెండో ఆడపిల్ల అని తెలిశాక మిఠాయి పంచలేదు. దయ్యాన్ని ఆ ఇంట్లోకి ఎవరు పిలిచారో నేను వేరే చెప్పాలా?

కాన్పైన మొదటి పది పదిహేను రోజుల్లో ఊరికే ఏడుపు రావడం మామూలు. చాలామందికి దానంతటదే పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే అది జబ్బు. ఎవరో పిలుస్తున్నారనడం, లేనివి కనిపించడం, పొంతన లేని మాటలు, బిడ్డను ఏదో చేస్తాననడం ఉంటే అది ఇంకా పెద్దది. అరుదే గానీ ఒక్క రోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. గాలి సోకిందని ముందు బైగా దగ్గరికి పోయేది సరిగ్గా ఇలాంటివాళ్లనే.

ఇక నా సొంత పద్దు. మా ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. 1987లో మేం జబల్‌పూర్‌లో ఉన్నాం. మా రెండో అమ్మాయి పుట్టాక మా ఆవిడ మూగదానిలా అయిపోయింది. బొబ్బిలి నుంచి మా అమ్మ వచ్చి బాలింతకి దయ్యం పట్టిందంది. అప్పటికే నేను హేతువాదం పుస్తకాలు చదువుతున్నాను, ఆఫీసులో వాదిస్తున్నాను కూడా. అయినా మూడుసార్లు భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఇంటి ఖర్చుల పుస్తకం ఇప్పటికీ ఉంది. 12-8-87, మందులు, రూ. 151 అని నా చేతిరాత. దయ్యం ఖర్చుని మందుల కింద రాసుకున్నాను. ఇంకొకడు రాస్తే అబ్జెక్షన్ పెట్టేవాణ్ని.

అదే 1987లో బ్రిటన్‌లో కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ అనే ముగ్గురు ఈ జబ్బును పసిగట్టడానికి పది ప్రశ్నలు తయారుచేసి ప్రచురించారు. ఎడిన్‌బరో స్కేలు అంటారు. నవ్వగలుగుతున్నావా, ఊరికే నిన్ను నువ్వు నిందించుకుంటున్నావా, నిన్ను నువ్వు ఏదైనా చేసుకోవాలనిపించిందా, ఇలాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు.

మా ఆవిడకి ఏడాదికి మెల్లగా తగ్గింది. పేరు భూతవైద్యుడికి వచ్చింది. ఆ ఏడాదిలో మా పాపని ఎత్తుకుని, మొహంలో మొహం పెట్టి కబుర్లు చెప్పింది పక్క క్వార్టర్స్‌లోని బెంగాలీ ఆవిడ. మా అమ్మాయి బాగానే ఉందంటే ఆ పుణ్యం, ఆ మాట హేతువాది వాడకూడదేమో గానీ, ఆమెదే అయ్యుండొచ్చు. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు. ఈమధ్య మా ఆవిడని అడిగాను, అప్పుడు ఎందుకు ఏమీ అనలేదని. "దయ్యం లేదని నాకు తెలుసు. మీరందరూ ఉందంటే ఇంక చెప్పేదేముంది" అంది.

ఈ విషయం మీద రాస్తే కొందరు చదువుకున్నవాళ్లు వెంటనే ఇంకో తప్పు చేస్తారు. "చూశారా, తల్లి ఏడిస్తే బిడ్డ పాడవుతుంది, కాబట్టి ఏడవకు, మంచి ఆలోచనలు చెయ్యి" అని బాలింతని దెబ్బలాడతారు. ఇది కూడా మూఢనమ్మకమే, ఇంగ్లీషు చొక్కా వేసుకున్నది. అమెరికాలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో పుస్తకం రాసి, ఆటిజంకి కారణం చల్లబడిపోయిన తల్లులే అని ప్రచారం చేశాడు. శుద్ధ తప్పు. అప్పటికే 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ దాన్ని ఖండించాడు. అయినా ఎందరో తల్లులు ఆ నింద మోశారు. జ్వరం వచ్చిన మనిషిని ఒళ్లు చల్లబరుచుకోమని తిడతామా?

చెయ్యాల్సింది వైద్యం. అది ఖరీదైనదీ కాదు. పాకిస్తాన్ పల్లెల్లో అతీఫ్ రెహమాన్ బృందం, గ్రామాల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలకే బాలింతలతో ఎలా మాట్లాడాలో శిక్షణ ఇచ్చింది. ఫలితాలు 2008లో లాన్సెట్‌లో వచ్చాయి. బిడ్డకి ఆరు నెలలు వచ్చేసరికి శిక్షణ ఇచ్చిన చోట 23 శాతం తల్లులే ఇంకా డిప్రెషన్‌లో ఉన్నారు. మిగతా చోట 53 శాతం. మన ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచీ మితానిన్లు ఉన్నారు, దేశానికి ఆశా కార్యకర్తలు రాకముందే. మా గల్లీ మితానిన్ బిడ్డని తూకం వేస్తుంది, జ్వరం చూస్తుంది. తల్లిని ఆ పది ప్రశ్నలు అడగడానికి ఇంకో పది నిమిషాలు చాలు. ముదిరిన కేసులకి బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల్ని కలిపే ఉంచి చూసే వార్డు 2009లోనే తెరిచారు. మానసిక ఆసుపత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డని మామూలుగా వేరు చెయ్యకూడదని 2017 చట్టమే చెబుతోంది. ఇలాంటి వార్డు ప్రతి రాష్ట్రంలో ఎందుకు ఉండకూడదని మనం ఎప్పుడైనా అడిగామా? మనం బాబాల చేతిలో బూడిద ఎలా వస్తుందో చూపించి చప్పట్లు కొట్టించుకుని ఇంటికి పోతాం. బాలింత గది తలుపు ఏ హేతువాద సంఘమూ తట్టదు. లోపలికి పోవడానికి బైగాకి ఉన్న చొరవ మనకి లేదు.

ఈసారి నేను వెళ్లాను, మా ఆవిడని తీసుకుని. అత్తగారు ఎదురింటి విధవావిడ కన్ను పడిందని మొదలుపెట్టింది. టోన్హీ అని ముద్ర వెయ్యడం ఇక్కడ 2005 నుంచీ నేరం అని చెప్పి ఆపాను. మా ఆవిడ లోపలికెళ్లి గంటసేపు కూర్చుంది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. బయటికొచ్చి 14416కి ఫోన్ చెయ్యమంది. 2022లో కేంద్రం పెట్టిన టెలిమానస్, డబ్బుల్లేవు, తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్లు చెప్పాక పెద్దాసుపత్రి మానసిక విభాగానికి తీసుకెళ్లారు. పాలిచ్చే తల్లికి ఇవ్వదగ్గ మాత్రలే డాక్టరు రాశారు. పగలు రెండు గంటలు బిడ్డ మా ఇంట్లో ఉంటోంది. మా ఆవిడ "ఊఁ" అంటే అదీ "ఊఁ" అంటోంది.

మొన్న అత్తగారు కనబడి, "అన్నయ్యగారూ, బైగా చేసింది ఇప్పటికి పట్టిందండి" అంది. మాత్రలు మానకుండా వేయిస్తోంది కదా అని నేను వాదన పెట్టుకోలేదు. ఎనిమిది వందలకి రసీదు ఇచ్చాడా అని మాత్రం అడిగాను. బైగాలు రసీదు ఇవ్వరట.