పట్టు వదలని పళ్లచక్రం

వంటింట్లో ఒక స్టీలు గ్లాసులో మరో గ్లాసు ఇరుక్కుపోవడం ప్రతి ఇల్లాలికీ అనుభవమే. లాగితే రాదు, తిప్పితే రాదు. మగవాళ్లను పిలిస్తే గట్టుకేసి కొడతారు. గ్లాసు సొట్టపడుతుంది గాని ఊడదు. తెలిసిన ఆవిడ అయితే లోపలి గ్లాసులో చన్నీళ్లు పోసి, బయటి గ్లాసును వేడినీళ్ల గిన్నెలో నిలబెడుతుంది. రెండు నిమిషాలలో లోపలిది దానంతట అదే చేతిలోకి వస్తుంది. ఈ వారం నేను చెప్పబోయేది మోటారు సైకిలు సంగతి. ఆ గోల మాకెందుకని పేజీ తిప్పబోయే సోదరీమణులు కాస్త ఆగాలి. ఈ గ్లాసుల విద్య తెలిసినవారికి ముప్పాతిక కథ ముందే తెలిసినట్టు లెక్క.

మా అక్కగారి ఊరు భీమవరానికి దగ్గర. బావగారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసేవారు. 1972 నాటి జావా బండి ఒకటి 1984లో సెకండుహాండులో కొని, చుట్టుపక్కల లంకలన్నీ దాని మీదనే తిరిగారు. 2011లో ఆయన పోయారు. ఆనాటి నుంచీ బండి పెరటి కొట్టంలో గోనెపట్టా కింద ఉన్నది. అక్క దాన్ని అమ్మనివ్వలేదు, అట్లాగని బాగు చేయించనూ లేదు. పోయిన ఏడు ఇల్లు అమ్మకానికి వచ్చింది. అక్క హైదరాబాదులో కొడుకు దగ్గర ఉండాలని నిశ్చయమైంది. "నడిచే బండి అయితే మా ఫ్లాటు కింద పెట్టుకోవచ్చు మామయ్యా, నడవనిదాన్ని అక్కడ ఎవరూ ఉంచనివ్వరు" అన్నాడు మేనల్లుడు నాతో. నడవని బండి ఎక్కడికి పోతుందో వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పాత ఇనుము కొనేవాడు అప్పటికే రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. ఇల్లు అప్పగించడానికి మూడు వారాలు గడువు.

జావా అంటే ఏమిటో తెలియని చిన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. అది చెక్ దేశపు పేరు. 1929లో ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయన, వాండరర్ అనే జర్మను కంపెనీ నమూనా తీసుకుని మోటారు సైకిళ్లు మొదలుపెట్టాడు. తన పేరులో మొదటి రెండక్షరాలూ, వాళ్ల పేరులో మొదటి రెండక్షరాలూ కలిపాడు. అక్కడివాళ్లు దాన్ని యావా అంటారు. మన దగ్గరికి ఇంగ్లీషు అక్షరాల మీదుగా వచ్చింది గనుక జావా అయి కూర్చున్నది. 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా అనే కంపెనీ వాటిని ఇక్కడే చేయడం ప్రారంభించింది. 1973 నుంచి యెజ్డీ అని పేరు మార్చి అమ్మింది. 1996లో మూతపడింది. 2018లో జావా పేరు మళ్లీ రోడ్డెక్కింది గాని ఆ కొత్త బండ్ల జాతి వేరు. పాతదానికి సిలిండరు ఒక్కటే, సైలెన్సర్లు మాత్రం రెండు. కిక్కు కొట్టిన కాడనే ముందుకు మడిస్తే గేర్లు మార్చే కాడ అవుతుంది. ఇంత పొదుపు మన పెద్దవాళ్ల కాపురాల్లో తప్ప నేనెక్కడా చూడలేదు.

ఆశ్చర్యమేమంటే, ట్యాంకు కడిగి, కొత్త ప్లగ్గు వేసి, పదిహేను కిక్కులు కొట్టేసరికి బండి పలికింది. పలికిన మరుక్షణం వీధి వీధంతా తెల్లటి పొగ! ఎదురింటివారు కిటికీలు మూసుకున్నారు. ఇందులో రహస్యమేమీ లేదు. టూ స్ట్రోకు ఇంజనులో పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం ముందు క్రాంకు ఉండే గదిలోకి వచ్చి, అక్కడి నుంచి పైకి పోతుంది. ఆ గదికి ఆనుకునే గేరాయిలు గది. రెంటికీ మధ్య కాపలా ఒక చిన్న రబ్బరు సీలు. ఏళ్ల తరబడి నిలబడి ఉన్న బండిలో ఆ రబ్బరు చెక్కలాగా గట్టిపడుతుంది. అప్పుడు ఇంజను తాను పీల్చే ప్రతి గుక్కలోనూ గేరాయిలును కూడా పీల్చి కాలుస్తుంది. అదీ పొగ. సీలు ఖరీదు స్వల్పమే. అయితే అది ఇంజను పళ్లచక్రం వెనకాల ఉన్నది. పళ్లచక్రం, అదే స్ప్రాకెట్టు, ఊడితే తప్ప సీలు దొరకదు.

పట్నంలో ఒక వర్కుషాపుకు తీసుకుపోయాము. ఎవరిదో చెప్పను. కుర్రవాడు నట్టు విప్పాడు. చక్రం వెనక ఉలి పెట్టి సుత్తితో నాలుగు బాదాడు. రెండు పళ్లు విరిగాయి. చక్రం మాత్రం అంగుళంలో పదో వంతు కూడా కదలలేదు. "గ్రైండరుతో కోసేద్దాం సార్" అన్నాడు. కోసేటప్పుడు రాయి షాఫ్టుకు తగిలితే ఏమవుతుందని మేనల్లుడు అడిగాడు. "షాఫ్టు కూడా మార్చుకోవాలి" అని హాయిగా జవాబిచ్చాడు. ఆ షాఫ్టు చేసిన ఫ్యాక్టరీ మూతపడి పాతికేళ్లు దాటిపోయింది గదా! బండిని ఆటో ట్రాలీ ఎక్కించి వెనక్కి తెచ్చుకున్నాము.

అప్పుడు దొరికాడు ఒక ముసలి మేస్త్రి. డెబ్బై దాటినవాడు. షాపు ఎత్తేసి, కొడుకు ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను మేష్టారూ అంటాడు, నేను ఆయన్ను మేస్త్రి గారూ అంటాను. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక ఒక మాట. మేస్త్రి పోర్చుగీసు మెస్త్రె నుంచి, మేష్టారు ఇంగ్లీషు మాస్టరు నుంచి వచ్చాయి. ఆ రెండూ ఒకే లాటిను మాట పిల్లలు. చేతికి గ్రీజు అంటినవాడొకడు, సుద్దముక్క అంటినవాడొకడు, అంతే తేడా.

మేస్త్రి బండి దగ్గర కూర్చుని, ముందు సుత్తి అడగలేదు. బీడీ అడిగాడు. అక్క కాఫీ ఇచ్చింది. తరువాత చక్రం మధ్యను గుడ్డతో తుడిచి నాకు చూపించాడు. షాఫ్టు కొస కోలగా, కొనవైపు సన్నబడుతూ ఉన్నది. చక్రం రంధ్రమూ అదే వాలుతో తొలిచి ఉన్నది. నట్టు బిగించినకొద్దీ చక్రం ఆ వాలు మీద పైకెక్కి పట్టు బిగుస్తుంది. ఇంజను బలాన్ని మోసేది ఆ రెండు ఇనుముల రాపిడే. ఒక గ్లాసులో ఒక గ్లాసు అన్నమాట. నట్టు తీసినంత మాత్రాన పట్టు పోదు. దాన్ని చేసినవాడు ఊడకూడదనే చేశాడు. దానికి తోడు కొట్టంలోకి వాననీరు చేరి, గేరాయిలు పాలు కలిపిన టీ రంగుకు వచ్చింది. వాలు అంచున సన్నటి తుప్పు గీత. తుప్పు తాను తిన్న ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక పట్టు ఇంకా బిగుస్తుంది.

"కొడితే రాదా?" అన్నాడు మేనల్లుడు.

"వస్తుంది బాబూ. చక్రం కాదు, క్రాంకు" అన్నాడు మేస్త్రి.

ఈ బండి క్రాంకు ఒకే ముక్క కాదు. రెండు బరువైన బిళ్లలు, వాటి మధ్య ఒక కడ్డీ, ఇరుపక్కలా షాఫ్టులు. వేటికి వాటిని చేసి, ప్రెస్సులో పెట్టి నొక్కి ఒకటిగా కూర్చినవి. షాఫ్టు కొస మీద సమ్మెట దెబ్బ పడితే ఆ కూర్పు వెంట్రుకవాసి జరుగుతుంది. ఆపైన ఇంజను తిరిగినంతసేపూ వణుకుతుంది, బేరింగులు తింటుంది. అందుకని పుల్లరు. రెండు కాళ్లు చక్రం వెనక పట్టుకుంటాయి, మధ్య మర షాఫ్టు కొసను నెడుతుంది. లాగే బలం, నెట్టే బలం ఆ రెంటి మధ్యనే తీరిపోతాయి. బేరింగు దాకా పోవు. ఎంత తెలివైన పనిముట్టో చూడండి! బజారు పుల్లరు కాళ్లు లావు, ఆ సందులో పట్టవు. మేస్త్రి తన పాత పెట్టెలో నుంచి, ఎప్పుడో శానం పట్టి సన్నం చేసుకున్నదాన్ని తీశాడు. ఇంజను చక్రానికీ క్లచ్చుకూ మధ్య గొలుసుకు అతుకు ఉండదు గనుక రెండూ కలిసే రావాలి. క్లచ్చు నట్టు ముందే వదులు చేసి పెట్టాడు.

నట్టును పూర్తిగా తీసివేయవద్దన్నాడు. రెండు చుట్లు మర మీదనే ఉంచాడు. చక్రం ఒక్కసారిగా ఎగిరి మోకాలికి తగలకుండా అది అడ్డం. పుల్లరు బిగించాడు. పానా మీద చేయి ఆగేదాకా బిగించి, మర తల మీద చిన్న సుత్తితో ఒక్కటంటే ఒక్కటి తట్టాడు. ఏమీ కాలేదు. అంచుకు నాలుగు చుక్కల నూనె వేసి, "రేపు చూద్దాం" అని లేచాడు. మేనల్లుడి మొహం చూడాలి! వాడు సెలవు పెట్టుకుని వచ్చినవాడు. మరునాడు ఇంకో పావు చుట్టు. మళ్లీ ఒక తట్టు. మళ్లీ రేపు. ఇట్లా మూడు రోజులు. నూనె ఆ బిగువులోకి ఎంత దిగుతుందో దేవుడికే తెలియాలి గాని, నిలకడగా లాగే బలం రాత్రంతా పనిచేస్తూనే ఉంటుందని ఆయన నమ్మకం. వీధిలో ఇనుము కొనేవాడి కేక ఆ మూడు రోజులూ వినబడుతూనే ఉన్నది.

నాలుగో రోజు వేడి పెట్టాలన్నాడు. గ్యాసు మంట వద్దన్నాడు. నూనె ఉన్నచోట మంట ప్రమాదం, బేరింగుకూ మంచిది కాదు. పెట్రోలు ట్యాంకు దింపించి అవతల పెరట్లో పెట్టించాడు. మేనల్లుడు వేడిగాలి కొట్టే గన్ను తెచ్చాడు. 20 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 100 డిగ్రీలు వేడిచేస్తే అది సాగేది మిల్లీమీటరులో నలభయ్యో వంతు. తలవెంట్రుక మందంలో మూడో వంతు. అంతకంటె ఏమీ లేదు. కాని గాలి చక్రాన్ని ఎంత కాల్చినా ఆ వేడి మెల్లగా షాఫ్టులోకీ పాకి, రెండూ కలిసే సాగుతున్నాయి.

గుమ్మంలో నుంచి చూస్తున్న అక్క లోపలికి పోయింది. ఫ్రిజ్జులో ఐసు ముక్కలు పాత పంచె గుడ్డలో మూటగట్టి తెచ్చింది. "లోపలిది చల్లబరచాలి గదరా, ఊరికే బయటిది కాలిస్తే ఏమొస్తుంది" అన్నది నాతో. మేస్త్రి ఆవిడ వంక చూశాడు. "అమ్మగారు చెప్పిందే రైటు" అని గుడ్డ మూట తీసుకుని, షాఫ్టు కొసకూ పుల్లరు మరకూ చుట్టి కాసేపు పట్టుకున్నాడు. ఒకవైపు వేడిగాలి, మధ్య చల్లదనం. మర మీద ఇంకో పావు చుట్టు బిగించి, ఒక తట్టు తట్టాడు.

ఠప్పుమని తుపాకి పేలినట్టు చప్పుడయింది. చక్రం వచ్చి నట్టు దగ్గర ఆగింది.

అంతా ఒక్క నిమిషం నోరెత్తలేదు. మేస్త్రి మాత్రం తడి తుడిచి, షాఫ్టు వాలు మీద వేలు పెట్టి నిమిరి, గీతలు లేవని తలాడించాడు. సీలు తీసి చూపించాడు, గోటితో నొక్కితే పెంకులాగా విరిగింది. చక్రం ఒకటి ఆయన డబ్బాలలోనే దొరికింది. బిగించే ముందు వాలును పెట్రోలుతో కడిగి పొడిగా తుడిచాడు. మేనల్లుడు, రేపు సులువుగా ఊడుతుంది గదా అని గ్రీజు రాయబోతే చేయి పట్టుకున్నాడు. అక్కడ పట్టు ఉండాలి, గ్రీజు ఉండకూడదు. కొత్త సీలు రెండోవైపు కూడా వేయించాము. డబ్బు ఎంతని అడిగితే ఆయన చెప్పిన అంకె విని నేనే సిగ్గుపడి పెంచి ఇచ్చాను.

గడువుకు ఆరు రోజులు ఉండగా బండి పొగ లేకుండా పలికింది. మేనల్లుడు వీధి చివరిదాకా పోయి తిరిగివచ్చి గుమ్మం ముందు ఆపాడు. అక్క మెట్టు మీద నిలబడి చెవి ఒగ్గి విన్నది. "గేరు మార్చేటప్పుడు మీ నాన్నగారు ఇంత చప్పుడు చేసేవారు కాదురా" అన్నది.