గుర్రానికి బర్రె మేత వద్దు: కొత్త గుర్రం, చలికాలం మేత

గడ్డి ఎట్ల చూసి కొనాలో వీడియోలో చూపించిన. ఎందుకో ఇక్కడ రాస్తున్న.

మన సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు పెండ్లి బరాత్‌ల కోసమో, ఫామ్‌కు వచ్చే పిల్లల స్వారీ కోసమో గుర్రం కొనేవాళ్లు ఉన్నరు. కొన్నాక చాలామంది చేసే పని ఒకటే. కొట్టంలో బర్రెలకు ఏం వేస్తున్నమో అదే దీనికీ వేసుడు. చలి మొదలైతే పాపం వణుకుతుందని ఉలవలు, మక్కలు, తవుడు ఇంకో రెండు దోసిళ్లు పెంచుడు. ఈ రెండూ తప్పే అని నా అభిప్రాయం.

బర్రె నెమరు వేస్తది, గుర్రం వేయదు. దాని కడుపు చిన్నది, తిన్నది వాంతి కూడా చేసుకోలేదు. గింజలు ఒక్కసారే ఎక్కువ పడితే కడుపునొప్పి వస్తది, ప్రాణం కూడా పోవచ్చు. గడ్డిలోని పీచు మాత్రం వెనక పెద్దపేగులో నిదానంగా పులుస్తది. అప్పుడు పుట్టే వేడే గుర్రానికి చలిమంట. కోహిర్ దిక్కు రాత్రి 10 డిగ్రీల కిందికి పడిపోతే పెంచాల్సింది దాణా కాదు, రాత్రిపూట ఎండుగడ్డి.

ఇంక సూపర్ నేపియర్ సంగతి. మన ప్రకృతి వ్యవసాయంలో దాదాపు ప్రతి డెయిరీ రైతు దగ్గర ఇది ఉంటది. బర్రెలకు మంచిదే. కానీ నేపియర్‌లో, పారాగడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ. బర్రె పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని విరగ్గొడతయి. గుర్రానికి ఆ వసతి లేదు, మేతలోని కాల్షియం ఒంటికి పట్టదు. పైనుంచి తవుడు వేస్తే భాస్వరం ఎక్కువై ఎముకల్లోని కాల్షియం కరుగుతది. నెలల తరబడి ఇట్లనే సాగితే మొహం ఎముకలు ఉబ్బుతయి, కుంటుతది. నేపియర్, తవుడు జోడీ చవకగా కనబడినా గుర్రానికి అదే ఖరీదైన మేత.

పచ్చి జొన్న కూడా వద్దు. లేత జొన్నలో విషం ఉంటదని మనకు తెలుసు. ముదిరిన పచ్చి జొన్న మేపినా గుర్రాలకు మూత్రాశయం చెడి, వెనక కాళ్లు పట్టు తప్పుతయి. కోళ్ల దాణా, యూరియా కలిపిన గడ్డి దగ్గరికి కూడా రానీయొద్దు. కొన్ని కోళ్ల, పశువుల దాణాల్లో కలిపే మొనెన్సిన్ గుర్రానికి కొద్దిగా పడినా గుండెను దెబ్బ తీస్తది. బూజు పట్టిన మక్కలు మెదడును చెడగొడతయి.

మరి ఏం పెట్టాలె? 300 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 6 కిలోల ఎండుగడ్డి, నాలుగైదు సార్లుగా. గట్ల మీది గరిక, మామూలు గడ్డి గింజ పట్టకముందే కోసి ఎండబెట్టింది అయితే మేలు. కాల్షియానికి లూసర్న్, లేదంటే మన్ను దులిపిన ఎండు పల్లి తీగ కొంచెం. స్వారీ చేసే గుర్రానికైతే నానబెట్టి మెత్తగా ఉడికించిన ఉలవలు పూటకు అర కిలో చాలు. పని లేకుండా నిలబడే గుర్రానికి అవి కూడా అక్కర్లేదు. రోజుకు 30 గ్రాముల ఉప్పు. చలికి నీళ్లు తక్కువ తాగితే పేడ గట్టిపడి పేగు మూసుకుంటది, అందుకే గోరువెచ్చని నీళ్లు పెట్టండి. అమ్మినాయన దగ్గర అది తిన్న మేతే రెండు రోజులు కొనసాగించి, 10 రోజుల్లో మెల్లగా మార్చండి.

మన బెల్ట్‌లో ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలె: ఈ గడ్డి ఏ నీళ్లతో పెరిగింది? పటాన్‌చెరు ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుకు కేసు పోయింది. ఆ కలుషిత నీళ్లు నక్కవాగులో కలిసి మంజీరకు చేరినయి. అసొంటి వాగు ఒడ్డున ఏపుగా, నల్లపచ్చగా పెరిగిన గడ్డి చవకగా వస్తది. ఆ నీళ్లల్లోని లోహాలు గడ్డిలోకి వస్తయి, గడ్డి నుంచి జంతువులోకి పోతయి. ఆ పేడ మళ్లీ మన ఎరువుగుంతలోకే వస్తది. మందు లేని పంట అని చెప్పుకునే మనం ఆ గడ్డి ఎట్ల కొంటం? వర్షాధారపు పొలం గడ్డి కట్టకు నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి.

గుర్రం కొనేముందు ఫిబ్రవరి దాకా సరిపోయే ఎండుగడ్డి గడ్డివాములో ఉందా లేదా చూసుకోండి. 100 రోజులకు 6 క్వింటాళ్లు. అది లేకపోతే ఈ ఏడాదికి గుర్రం ఆలోచన ఆపడమే మంచిది.