శాలువా లేని సేవ

వారానికోసారి కలవడం, కలిసి భోంచేయడం, చందాలు పోగేయడం... 1905లో షికాగోలో పుట్టిన రోటరీ క్లబ్బుకు తరతరాలుగా ఇదే అలవాటు. 2020లో కరోనా దానికే గండి కొట్టింది. జూన్‌లో హోనొలులులో జరగాల్సిన వార్షిక సదస్సు రద్దయి ఆన్‌లైన్‌కు మారింది. ఊళ్లలోని క్లబ్బుల సమావేశాలూ జూమ్‌లోకి చేరాయి.

అసలు మార్పు పనిలో వచ్చింది. రోటరీ భాగస్వామిగా ఉన్న ఇంటింటి పోలియో చుక్కల కార్యక్రమాలు మార్చిలో పలు దేశాల్లో ఆగిపోయాయి. అయినా సిబ్బంది చేతులు ముడుచుకు కూర్చోలేదు. పోలియో నిఘాకు పనికొచ్చిన యంత్రాంగమే కరోనా రోగుల కాంటాక్టులను వెతికింది. జూలైలో చుక్కలు మళ్లీ మొదలయ్యాయి. మన దగ్గర 2021 రెండో వేవ్‌లో పలు సేవా క్లబ్బులు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు కొన్నాయి. రోగి కోలుకోగానే వెనక్కి తీసుకుని, శుభ్రం చేసి, మరో ఇంటికి పంపాయి.

హోటల్ హాలు, ఫ్లెక్సీ, శాలువా లేకున్నా సేవ ఆగదని ఆ రెండేళ్లు రుజువు చేశాయి. ఏటా జూలైలో జరిగే కొత్త కార్యవర్గాల ప్రమాణ స్వీకార వేడుకల ఖర్చును క్లబ్బులు తగ్గించుకోవాలి. ఊరి పీహెచ్‌సీకి ఏం కావాలో అడిగి, ఆ డబ్బు అక్కడ పెట్టాలి.