జనసమ్మర్దము, పత్రికాపవాదము

గుంపునకు పేరు లేదు. కావున దానిపై మోపిన నిందకు బదులు చెప్పువాడుండడు. పోలీసు అధికారికి శాఖ కలదు, మంత్రికి శాసనసభ కలదు, పత్రికకు అచ్చుయంత్రము కలదు. టిక్కెట్టు కొని ఆట చూడబోయినవానికేమి కలదు? ఇంగ్లాండులోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పుచున్నది.

1989 ఏప్రిల్ 15వ తేదీన షెఫీల్డు నగరమందలి హిల్స్‌బరో క్రీడాంగణమున ఆ క్లబ్బునకును నాటింగ్‌హామ్ ఫారెస్టునకును పోటీ. వెలుపల ఒత్తిడి మిక్కుటము కాగా పోలీసు అధిపతి ఒక నిర్గమద్వారమును తెరువ నాజ్ఞాపించెను. లోపల అప్పటికే క్రిక్కిరిసియున్న ఇనుపకంచెల ఆవరణములకు పోవు సొరంగమార్గమును మూయించుట మాత్రము మరచెను. 97 మంది అసువులు బాసిరి. వారిలో కడపటివాడు మరణించినది 2021లో. అభిమానులే ద్వారమును బలాత్కారముగా త్రోసికొని వచ్చిరని, దానిని తెరిపించిన అధిపతియే చెప్పెను. నాలుగవనాడు లండనులోని ‘సన్’ పత్రిక, ‘సత్యము’ అను శీర్షిక క్రింద, అభిమానులు మృతుల జేబులు కొట్టిరనియు, పోలీసులపై మూత్రము విడిచిరనియు ప్రకటించెను. శీర్షికకు ఇంతకంటె పరిహాసము వేరొకటి కలదా?

ఆ యేటి ఆగస్టులోనే టేలరు న్యాయమూర్తి పోలీసుల నిర్వహణలోపమే ముఖ్యకారణమని వ్రాసెను. అచ్చయిన అసత్యమును ఆ వ్రాత పట్టుకొనలేకపోయినది. 164 పోలీసు వాఙ్మూలములు దిద్దబడినవనియు, వానిలో 116 నుండి పోలీసులకు ప్రతికూలమైన మాటలు తొలగింపబడినవనియు 2012లో స్వతంత్ర విచారణసంఘము బయటపెట్టెను. మృతులు అన్యాయముగా చంపబడిరనియు, అభిమానుల దోషము లేదనియు జ్యూరీ తేల్చినది 2016 ఏప్రిల్‌లో. ఇరువదియేడేండ్లు! ఈ కాలమంతయు ఆ పత్రికను కొనుట మానినవారు ఆ నగర సామాన్యులు. దాని విలేఖరులను క్లబ్బు తన మైదానమునకు రానీయకుండుట 2017 ఫిబ్రవరిలో మాత్రమే.

విలేఖరికి తలుపు మూయుట పత్రికాస్వాతంత్ర్యమునకు భంగము కాదా యని అడుగువారుందురు. ప్రశ్న తేలికది కాదు. 2013లో న్యూకాసిల్ యునైటెడ్ క్లబ్బు స్థానికపత్రికలను ఇట్లే బహిష్కరించెను. వాని నేరమేమి? యాజమాన్యమునకు వ్యతిరేకముగా అభిమానులు జరిపిన ఊరేగింపును ప్రచురించుటయే! అచ్చట మూసిన తలుపు అభిమానుల ముఖముననే మూయబడినది. లివర్‌పూల్ క్లబ్బు మృతుల బంధువులతో సంప్రతించి నిర్ణయము చేసెను; ‘సన్’ అచ్చున కెవ్వరును అడ్డుపడలేదు, దాని కుర్చీ మాత్రమే తీసివేసిరి. మా అభిప్రాయమున ఈ భేదమే ప్రమాణము.

బహిష్కారముకంటె ఘనమైన పనిని ఆ క్లబ్బు 2022లో చేసినది. ఆ మే 28న పారిస్ సమీపమున యూరోపు ఛాంపియన్ల అంతిమపోటీ ఆలస్యమయ్యెను. అభిమానులు ఆలస్యముగా వచ్చుటయే కారణమని తెరలపై ప్రకటించిరి; దొంగటిక్కెట్లే మూలమని ఫ్రెంచి మంత్రి పలికెను. క్లబ్బు ఈసారి తీర్పుకొరకు ఎదురుచూడలేదు. కొలదిదినములలోనే వేలకొలది అభిమానుల వాఙ్మూలములను వ్రాతమూలకముగా సేకరించి, స్వతంత్రవిచారణను కోరెను. ప్రధానబాధ్యత పోటీ నిర్వహించిన యూఫా సంస్థదేయని 2023 ఫిబ్రవరిలో విచారణసంఘము తేల్చెను. పిమ్మట ఆ సంస్థ అభిమానులకు టిక్కెట్టు సొమ్ము వాపసు చేసెను. అప్పుడు ఇరువదియేడేండ్లు, ఇప్పుడు తొమ్మిది మాసములు.

చింతలపూడి, తాడేపల్లిగూడెము ప్రాంతములనుండి గోదావరికి పోవు యాత్రికునకు క్లబ్బు లేదు. 2015 జూలై 14న పుష్కరముల తొలినాడు రాజమహేంద్రవరమున పుష్కరఘట్టమున ఇరువదియైదుగురికి మించి నలిగి చచ్చిరి. సోమయాజులు న్యాయమూర్తి విచారణసంఘము, ముహూర్తమును గూర్చిన పత్రికాప్రచారమును, దానిని నమ్మిన జనుల ఆత్రమును కారణములలో పేర్కొనెను. ఆత్రము నిజమే కావచ్చును. ఆ ఆత్రమును రేపిన ప్రచారమునకు బాధ్యులెవరు?

2027 పుష్కరములకు ఏర్పాట్లు చేయు అధికారులు దీపములు, మెట్లు, బారికేడ్లు లెక్కించుకొందురు. మంచిదే. న్యాయవాదుల సంఘములు ప్రతి ఘట్టమువద్ద ఒక బల్ల వేసి, అపాయము జరిగిన యెడల యాత్రికుల మాటలను ఆ దినమే వ్రాయించి సంతకము గైకొనవలెను. ఏలూరు న్యాయవాదులు ఈ పనికి ముందుగా పూనుకొనగలరని మా కోరిక.