కొత్త పూసకు పాత అందం

తళతళలాడే కొత్త దండ వేసుకెళితే ‘బాగుంది’ అని ఊరుకుంటారు. అదే, అమ్మమ్మ పెట్టెలోంచి తీసినట్టు కాస్త అరిగి, సందుల్లో గోధుమరంగు పట్టిన పూసలైతే ‘ఎక్కడివివి?’ అంటూ చేతిలోకి తీసుకుని మరీ చూస్తారు. అంతటి పాతదనాన్ని ఒక్కరోజులో తెచ్చిపెడుతుంది పాలిమర్‌ క్లే!

క్లే అంటారేగానీ ఇందులో మట్టి లేదు. నీళ్ల పైపులు తయారుచేసే పీవీసీ ఉంది చూశారూ, దాని పొడికి మెత్తబరిచే ద్రవమూ రంగూ కలిపిన ముద్ద ఇది. అందుకే ఎన్నిరోజులు ఎండబెట్టినా గట్టిపడదు, ఓవెన్‌లో కాలాల్సిందే. దీని కథ జర్మనీలో బొమ్మలతో మొదలైంది. బొమ్మల తయారీలో పేరుపొందిన కేథె క్రూజె కూతురు ఫిఫీ రేబిందర్‌ దీన్ని ‘ఫిఫీ మొజాయిక్‌’ పేరుతో అమ్మేవారు. 1964లో ఎబర్‌హార్డ్‌ ఫాబర్‌ సంస్థ దాన్ని తీసుకుని ‘ఫిమో’గా మార్చింది.

ఈ ముద్దతో పగడం, ఫిరోజా, ఎముక... దేన్నైనా అనుకరించొచ్చు. అన్నింట్లోకీ ముచ్చటైనది మాత్రం ఏనుగు దంతం. ఆఫ్రికా ఏనుగు దంతాల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని సైటిస్‌ సభ్యదేశాలు 1989లో నిర్ణయించాయి. మనదేశంలోనూ 1986, 1991 చట్టసవరణలు ఆ అమ్మకాలకు తలుపులు మూశాయి. ఏనుగు జోలికి పోకుండా దంతం అందం కావాలంటే దారి ఇదే.

తెల్లముద్ద, లేత గోధుమరంగు ముద్ద, వెలుతురు కాస్త లోపలికి చొరబడే రకం ముద్ద... మూడింటినీ విడివిడిగా పల్చని రేకుల్లా ఒత్తి ఒకదానిమీద ఒకటి పేర్చాలి. సగానికి కోసి మళ్లీ పేర్చి, మళ్లీ ఒత్తాలి. నాలుగైదుసార్లు అలా చేశాక అంచు కోసి చూస్తే వెంట్రుకల్లాంటి సన్నని గీతలు! ఆ అంచునుంచి తీసిన పల్చటి ముక్కల్ని చిన్న ఉండకు చుట్టి కోలగా దొర్లిస్తే పూస సిద్ధం. రంధ్రానికి సూదిని ఒకవైపునుంచి సగందాకా, రెండోవైపునుంచి మిగతా సగం గుచ్చాలి. ఒకేసారి అవతలికి తోస్తే అంచు చిట్లుతుంది.

ఇక పాతబరచడం. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పూసంతా ఒకే తీరున గీకేస్తారు. అది పాత పూసలా కాదు, పిల్లి గీరిన పూసలా ఉంటుంది. వాడిన పూస అన్నిచోట్లా ఒకేలా అరగదు. దారం ఒరుసుకునే రంధ్రం అంచు, పక్కపూస తగిలే చివరలు, బాగా ఉబ్బిన నడుము... ఇవి నున్నబడతాయి. గుంటల్లో మాత్రం మురికి నిలుస్తుంది. దంతమైతే పగుళ్లు దాని గీతల వెంబడే వస్తాయి, అడ్డంగా కాదు. సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌ మ్యూజియంలో శాతవాహనుల నాటి పూసలున్నాయి. అలాంటిచోట ఓ గంట నిలబడితే చాలు, ఈ పాఠం వంటబడుతుంది.

కాబట్టి కాల్చకముందే సూదిమొనతో గీతల వెంబడే రెండుమూడు పగుళ్లు గీయాలి. పాత టూత్‌బ్రష్‌తో అక్కడక్కడ తట్టాలి. రాతిపూసలా గుంటలు కావాలంటే కల్లుప్పు అద్ది కాల్చి, తర్వాత నీళ్లలో వేస్తే ఉప్పు కరిగి గుంటలు మిగులుతాయి.

కాల్చేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. రకాన్నిబట్టి 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్‌ వేడిలో అరగంటదాకా ఉంచాలి. పొట్లంమీద రాసిందే ప్రమాణం. ఓవెన్‌ మీటను నమ్మలేం, చిన్న ఓవెన్‌ థర్మామీటరు లోపల పెట్టుకోవడం మేలు. వేడి మరీ మించితే ముద్ద మాడి, కళ్లూ గొంతూ మండించే హైడ్రోజన్‌ క్లోరైడ్‌ వాయువు వస్తుంది. కిటికీలు తెరిచే ఉంచాలి. పిల్లల్ని ఒంటరిగా ఈ పనికి వదలకూడదు. ముద్ద ఒత్తిన కర్ర, కోసిన చాకు, కాల్చిన పళ్లెం మళ్లీ వంటకు వాడకూడదు.

చల్లారాక గోధుమరంగు ఆక్రిలిక్‌ రంగు పూసంతా పట్టించి, ఆరిపోయేలోపే తడిగుడ్డతో తుడిచేస్తే సందుల్లోదే నిలుస్తుంది. తర్వాత నంబరు 400, 600, 800 ఎమెరీ పేపర్లతో అరిగేచోట్ల నీళ్లలోనే రుద్దాలి, దుమ్ము లేవదు. చివరగా పాత జీన్స్‌ ముక్కతో గట్టిగా రుద్దితే మెరుపు చాలు. మెరుపుకోసమని గోళ్లరంగు పూస్తే మాత్రం కొన్నాళ్లకు పూస జిగటగా తయారవుతుంది.

అమ్మేవాళ్లయితే చీటీమీద ‘పాలిమర్‌ క్లే’ అని రాయాల్సిందే. బాగా కుదిరిన పూసను చూసి అసలు దంతమని భ్రమపడేవాళ్లు ఉంటారు మరి!

పూసలతోపాటు ఓ పల్చటి పట్టీ కూడా కాల్చి, చల్లారాక వంచి చూడాలి. వంగితే సరే. పుటుక్కున విరిగితే సరిగా కాలలేదని అర్థం. రంగు పూయకముందే ఈ పరీక్ష చేస్తే నష్టమేమీ లేదు, పూసల్ని మళ్లీ అదే వేడిలో పెట్టొచ్చు.