కంపెనీ అమ్మితే పాపం అమ్ముడుపోతదా?

కోకాపేట టవర్ల నీడల కంపెనీలు చేతులు మారుతనే ఉంటయి. బోర్డు మారంగనే పాత ఓనరు చేతులు దులుపుకుంటడు: 'అమ్మేసిన, ఇగ నాకేం సంబంధం?' ఇది పచ్చి దబాయింపు అంటున్నం మేం.

ఇదే నగరంల సత్యం కథ మరిచినమా? 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం రాసిండు. లేని 5,040 కోట్లు ఉన్నట్టు లెక్కల్ల చూపినమని ఒప్పుకున్నడు. ఏప్రిల్‌ల టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు పెట్టి కంపెనీని దక్కించుకున్నది. (రాజు అమ్మలేదు నిజమే. తాకట్టు షేర్లను అప్పులోళ్లు అంతకుముందే అమ్ముకున్నరు.) అమెరికా షేర్‌హోల్డర్ల దావా తెంపుకోనీకి 2011ల 12.5 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నది ఎవరు? కొత్తోళ్ల చేతిలున్న కంపెనీ. యజమాని మారినా చట్టం కండ్లల్ల కంపెనీ అదే మనిషి. బాకీ దాని మెడకే.

మరి దొంగలెక్క రాసిన చేతులు? అవి షేర్లతోటి బదిలీ కావు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు రాజుకు ఏడేండ్ల జైలు వేసింది. నెల దాటంగనే శిక్ష ఆగింది, బెయిలొచ్చింది. పెద్దోళ్లకు నెల చాలు!

చిన్న ఉద్యోగి పీఎఫ్ సంగతేంది? 1952 పీఎఫ్ చట్టంల 17బి సెక్షన్ సాఫ్‌గ చెప్పింది: అమ్మకం నాటి బకాయికి అమ్మినోడు, కొన్నోడు ఇద్దరూ బాధ్యులే. 2020 సామాజిక భద్రతా కోడ్ల కూడ ఆ మాట ఉన్నది. 'పాత ఓనర్‌ను అడుగుండ్రి' అని ఇయ్యాల హెచ్‌ఆర్‌ల కూసున్నోడు అంటే నమ్మకుండ్రి. ఇద్దరి పేర్ల మీద ఫిర్యాదు రాసి పీఎఫ్ ఆఫీసుల ఇయ్యుండ్రి. రసీదు తీసుకోవుడు మరువకుండ్రి.