పేరుకు కళాశాలే



గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల, జనవ్యవహారంలో ఏ.సి. కాలేజీ, ఏనాడూ విశ్వవిద్యాలయం కాలేదు. 1885లో లూథరన్ మిషను స్థాపించిన ఈ సంస్థ మొదట మద్రాసు, పిదప ఆంధ్ర, ఆ తరువాత నాగార్జున విశ్వవిద్యాలయాల ఛాయలోనే విద్యార్థులకు పట్టాలిప్పించింది. నేడు మా ప్రాంతమున విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన ప్రైవేటు సంస్థలకు కొదువ లేదు. ఐనను, విశ్వవిద్యాలయ లక్షణ మెందున్నదని నన్నడిగితే ఈ పాత కళాశాలనే చూపుతాను.

దీని మూలం 1842లో గుంటూరు చేరిన హేయర్ దొర. ఆయన 1849లో మా పల్నాటికి వచ్చి గురజాలలో మకాం పెట్టాడు. వైద్యమూ, బడీ, మతబోధా ఆయనకు కలిసే నడిచాయి. బెల్లంకొండవంటి ఊళ్ళవారికి కాలేజీ చదువంటే చాలాకాలం గుంటూరే.

ఈ కళాశాల మాట రాగానే అందరూ నందమూరి తారకరామారావుగారిని తలుస్తారు. తలవవలసినదే. కాని తెలుగు పండితుడనైన నాకు ముఖ్యమైనది వేరు. 1930ల దశకంలో ఇక్కడ తెలుగు పాఠం చెప్పినవారు విశ్వనాథ సత్యనారాయణగారు. సనాతన ధర్మాభిమాని, ఆంగ్ల విద్యను నిరసించిన వాడు! తరువాతి కాలమున కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు. మిషను వారు పండితుని విద్వత్తును చూచిరే కాని మతమును చూడలేదు. ఎంత ధైర్యమో ఆలోచించండి.

అయితే ఇందులో ఒక ముల్లు ఉన్నది. వినుకొండ బిడ్డ జాషువ గుంటూరులోనే లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పనిచేశారు. హిందూ పురాణగాథలు వ్రాస్తున్నాడని ఆయనను క్రైస్తవ సంఘమే వెలివేసినట్లు చరిత్ర. పరమతస్థుడైన కవికి పీట వేసిన ఆ ఔదార్యం స్వజనుడైన కవి యెడల ఏమైనట్లు? ఆయన "క్రీస్తు చరిత్ర"కే 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ రెండు ముఖాలనూ కలిపి చెప్పని కళాశాల చరిత్ర నాకు అసంపూర్ణంగానే తోస్తుంది.

2021లో ఎయిడెడ్ సిబ్బందిని తమకు అప్పగించవలెనని ప్రభుత్వం కోరినప్పుడు రాష్ట్రమంతటా అలజడి రేగింది. ఎయిడెడ్ కళాశాలలలో అధ్యాపకులు విరమించిన కొలది ఖాళీలు మిగిలిపోవుట అంతకు ముందునుంచీ ఉన్నదే. తాత్కాలిక అధ్యాపకులతో కంప్యూటరు శాఖ నడవవచ్చునేమో కాని, ముప్పది ఏండ్లు ఒకచోట పాతుకొని ప్రబంధం చెప్పే మనిషి లేనిదే తెలుగు శాఖ నిలువదు. అందుచేత ఇటువంటి కళాశాలలకు కొత్త ప్రతిపత్తులు, కొత్త భవనాలు తరువాత చూచుకోవచ్చును. ముందు తెలుగు శాఖలలో శాశ్వత నియామకాలు జరగవలెను.